మా గురువారం సిస్టర్‌గారికి

అందరికీ నమస్కారం. మాది వేటపాలెం మండలం జాండ్రపేట. మగ్గం నేస్తాం. ఇంత పొడుగు పోస్టు నేనెప్పుడూ పెట్టలేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి. నేను చెప్తుంటే మా పాపే టైపు చేస్తోంది. మధ్యలో "ఇదెందుకు నాన్నా, తీసేద్దాం" అంటూ అడ్డుపడుతోంది కూడా. కొన్ని తీసేసింది.

నిన్న, మార్చి 13 గురువారం, పాపకి రుమాటిక్ జ్వరం మళ్ళీ వచ్చి గుండె వాల్వు చెడకుండా వేసే 21వ పెనిసిలిన్ ఇంజెక్షన్ అయింది. 2024 జనవరి 18న మొదటిది. ఇన్నాళ్ళలో ఒక్కటి తప్పలేదు. అందుకు కారణమైనవాళ్ళకి దండం పెట్టుకోవాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను, ఇవాళ కూర్చున్నాను.

మొదట్నించీ చెప్తాను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, మీకు గుర్తుండే ఉంటుంది. మాది గుంట మగ్గం. గుంటలో మోకాటి లోతు నీళ్ళు. పడుగు, అంటే మగ్గానికి ఎక్కించిన నిలువు పోగులు, తడిసి పాడైంది. మా తమ్ముడి ఇల్లు పల్లంలో ఉంటే వాళ్ళు నలుగురూ మా ఇంటికొచ్చారు. వారం రోజులు ఒక్క గదిలో తొమ్మిది మందిమి పడుకున్నాం. ఆ వారంలోనే పిల్లలకి వరసగా గొంతు నొప్పులు, జ్వరాలు. ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాం, మిరియాల పాలిచ్చాం, నాలుగు రోజుల్లో అందరికీ తగ్గిపోయింది. ఆ గొడవలో పిల్లల గొంతు ఎవరికి పట్టింది? మా దృష్టంతా మగ్గం గుంట మీదే.

క్రిస్మస్ రోజులకి పాపకి కుడి మోకాలు వాచింది. చెయ్యి పెడితే కాలుతోంది. దుప్పటి తగిలినా ఏడ్చేది. రెండు రోజులకి అది దానంతటదే తగ్గి ఎడమ చీలమండకి వచ్చింది, తర్వాత మోచేతికి. తిరిగే నొప్పి కదా, గాలి సోకిందని ఒకరు, దిష్టని ఒకరు, పెరిగే వయసులో ఇవి మామూలేనని ఇంకొకరు. ఒక డాక్టరు నొప్పి బిళ్ళలు రాశారు. ఆశ్చర్యంగా రెండు పూటల్లో తగ్గిపోయింది. ఆయన చేతి చలవ అనుకున్నాం. ఆ బిళ్ళలకి ఈ నొప్పి అంత తొందరగా లొంగడం కూడా ఈ జబ్బు గుర్తుల్లో ఒకటని నెల తర్వాత గానీ మాకు తెలియలేదు.

మొదటి దండం స్కూల్లో డ్రిల్లు మాస్టారికి. సంక్రాంతి సెలవులకి ముందు, కబడ్డీలో ముందుండే పిల్ల రెండు రౌండ్లు పరిగెత్తి కూర్చుండిపోయిందని నాకు ఫోన్ చేసి "బద్ధకం కాదండీ, ఆయాసపడుతోంది, చూపించండి" అన్నారు. ఆయన "ఏంటా నాటకాలు" అని కసిరి ఉంటే ఈ పోస్టు ఇంకోలా ఉండేది. రెండో దండం 104 బండిలో వచ్చిన డాక్టరమ్మకి. బీపీ మాత్రల కోసం మా అమ్మ వెళ్తూ పిల్లని వెంట తీసుకెళ్ళింది. ఆ డాక్టరమ్మ కూడా చిన్నమ్మాయే, పాప గుండె మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, మూడు ప్రశ్నలడిగింది. కీళ్ళు వాచాయా, ఒకదాని తర్వాత ఒకటా, అంతకు ముందు గొంతు నొప్పి వచ్చిందా. వెంటనే చీటీ రాసి "పండక్కి ఆగొద్దు, రేపే గుంటూరు వెళ్ళండి" అంది.

గుంటూరు జీజీహెచ్‌లో, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో, ఈసీజీ, రక్త పరీక్షలు, టూడీ ఎకో అనే గుండె స్కానింగు. జబ్బు పేరు రుమాటిక్ జ్వరం, కీళ్ళవాత జ్వరమని కూడా అంటారట. గుండెలో ఎడమవైపు తలుపులా ఉండే మైట్రల్ వాల్వు వాచి సరిగ్గా మూసుకోవడం లేదు, రక్తం వెనక్కి కారుతోంది. మేం కీళ్ళ గురించి వెళ్తే వాళ్ళు గుండె గురించి మాట్లాడుతున్నారు! "మోకాలు చూడండమ్మా" అని మా ఆవిడ వాదించింది కూడా. అప్పుడు పెద్ద డాక్టరుగారు కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పారు. గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ అనే క్రిమితో ఒంట్లోని రక్షణ బలగం పోరాడుతుంది. ఆ క్రిమి పోలికలు మన గుండె వాల్వులోనూ కీళ్ళలోనూ కొంచెం ఉంటాయి. రెండు మూడు వారాల తర్వాత ఆ బలగం శత్రువనుకుని సొంత ఒంటి మీదే పడుతుంది. కీళ్ళకి వచ్చింది మచ్చ లేకుండా పోతుంది, గుండెకి వచ్చింది ఉండిపోవచ్చు. ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ళ లోపు పిల్లలకే వస్తుంది. ఇరుకు ఇళ్ళలో, హాస్టళ్ళలో, పక్కపక్కన పడుకునేచోట ఆ క్రిమి తేలిగ్గా ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది.

ఇరుకు ఇళ్ళు అన్నప్పుడు నేను తల దించుకున్నాను. ఆయన గమనించినట్టున్నారు. "అదే గొంతు నొప్పి మిగతా పిల్లలకీ వచ్చింది కదా, వాళ్ళకి ఇది రాలేదు. నూటికి ఏ కొద్దిమందికో వస్తుంది. నీ తప్పేం లేదు" అన్నారు. ఆ మాటకి ఆయనకి మూడో దండం.

సంక్రాంతి మూడు రోజులూ వార్డులోనే. ఇంటికి పంపే రోజు మొదటి పెనిసిలిన్ ఇంజెక్షన్ చేశారు. ఇది 21 రోజులకొకసారి చేయించాలి, పాపకి వాల్వు లీకు ఉంది కాబట్టి 40 ఏళ్ళు వచ్చేదాకా వేయించాల్సి రావచ్చు అన్నారు. రైల్లో మా ఆవిడ వేళ్ళు మడుస్తూ లెక్కేసింది. ఏడాదికి 17 చొప్పున 27 ఏళ్ళకి దాదాపు 460. తెనాలి దాటేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

రెండో ఇంజెక్షన్ రోజు మూడు చోట్ల తిరిగాం. పెనిసిలిన్ పేరు వినగానే "రియాక్షన్ వస్తే ఎవరు చూస్తారు" అని పంపించేశారు. ఒకచోటైతే "పిల్ల ఎగురుతోంది కదయ్యా, ఇంకా ఇంజెక్షన్ ఎందుకు, డబ్బులు దండగ" అన్నారు. నిజానికి మనసులో నాకూ అదే ఉంది. నొప్పి లేదు, జ్వరం లేదు, ఆయాసం తగ్గింది. సాయంత్రం నాలుగింటికి, ఇక ఇంటికి పోదామనుకుంటూనే దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రి ఇంజెక్షన్ గదిలోకి వెళ్ళాం. అక్కడున్నారు మా సిస్టర్‌గారు. పేరు రాయొద్దని గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు.

గుంటూరు కాగితం చదివి డాక్టరుగారికి చూపించి వచ్చి, పాపని పడుకోబెట్టి, మందు పడుతుందో లేదో చూడ్డానికి కొంచెం టెస్టు డోసు వేశారు. అది చూసేలోగా నన్ను అడిగారు.

"అన్నా, ఇది ఎందుకు చేస్తున్నామో తెలుసా?"

"నొప్పులు తగ్గడానికి" అన్నాను.

"నొప్పులు తగ్గిపోయాయి కదా. మరెందుకు?"

నా దగ్గర సమాధానం లేదు. ఆమె నవ్వి, "మగ్గం మీద పోగు తెగితే ఏం చేస్తారు?" అన్నారు.

"ముడేస్తాం."

"మళ్ళీ అక్కడే తెగితే?"

"మళ్ళీ ముడి. ముడి మీద ముడి పడితే మాత్రం పోగులు దూరే దువ్వెనలాంటి అచ్చులో పట్టదు, పక్క పోగుల్ని కూడా లాగేస్తుంది."

"వాల్వూ అంతే. ఈసారి వాచి తగ్గింది, ఒక ముడి పడింది. గొంతులో ఆ క్రిమి మళ్ళీ చేరితే ఆ జ్వరం మళ్ళీ రావచ్చు, ఇంకో ముడి. అలా గట్టిపడి వాల్వు చెడుతుంది. ఈ మందు జబ్బు తగ్గించడానికి కాదు, రెండోసారి పోగు తెగకుండా ఉండడానికి."

నలభై ఏళ్ళుగా మగ్గం మీద ఉన్నవాడికి ఇంతకన్నా ఎలా చెప్తారు? ఆ రోజుతో 460 లెక్క భయం పోయింది. భయం పోయిందంటే పూర్తిగా కాదు, ఎందుకో తెలిసింది కాబట్టి మోయగలుగుతున్నాం.

ఆమె పద్ధతి ఒకటుంది. చెప్పి వదిలెయ్యరు. "ఇప్పుడు నేను చెప్పింది నాకు చెప్పు" అంటారు, అదీ నన్ను కాదు, పాపని. "రేపు హాస్టల్లో ఉంటావు, ఎల్లుండి పెళ్ళై వెళ్తావు. మీ నాన్న వస్తాడా ప్రతిసారీ? గుండె నీది తల్లీ" అన్నారు. అందుకే ఇప్పుడు మా పాపకి తెలిసినంత నాకు తెలియదు. జలుబు, దగ్గు, ముక్కు కారడంతో వచ్చే గొంతు నొప్పి చాలాసార్లు మామూలు వైరస్‌ది. దగ్గు లేకుండా జ్వరంతో వచ్చి, మింగలేక, మెడకింద బిళ్ళలు కడితే మాత్రం డాక్టరు చూడాలి. మొదలైన 9 రోజుల్లోపు సరైన యాంటీబయాటిక్ పడి, చెప్పినన్ని రోజులూ వాడితే ఈ జ్వరం రాకుండా ఆపొచ్చు. మా చిన్నోడికి గొంతు పట్టినా ఇప్పుడు ఉప్పునీళ్ళతో ఊరుకోం. పళ్ళు శుభ్రంగా ఉంచుకోవాలి, పన్ను పీకించేటప్పుడు వాల్వు సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి, పుచ్చుపంటి నుంచి క్రిములు రక్తంలో పడి వాల్వుకి పట్టే ప్రమాదం ఉందట. పెళ్ళయ్యాక కడుపుతో ఉండాలనుకుంటే ముందు గుండె డాక్టరుని కలవాలి.

ఈ ఆఖరిది విన్నప్పుడు మా అక్క గుర్తొచ్చింది. చిన్నప్పుడు మోకాళ్ళు వాచి నెలరోజులు మంచం మీద ఉండేది. రెండో కాన్పు ఏడో నెలలో ఆయాసంతో పోయింది. అదే జబ్బో కాదో ఇప్పుడెవరు చెప్పగలరు? మా అమ్మకి ఈ మాట చెప్పలేదు. ఆమె ఫేస్‌బుక్ చూడదు.

ఇంజెక్షన్ మాత్రం నొప్పే. పాలలా తెల్లగా, చిక్కగా ఉంటుంది, 12 లక్షల యూనిట్లు. సన్న సూదిలో నుంచి దిగదు, లావు సూదే. తుంటి కండలోకి మెల్లగా ఎక్కిస్తారు. ముందు ఆ చోట బొటనవేలితో కాసేపు అదిమి పట్టుకుంటారు, అప్పుడు నొప్పి కొంచెం తక్కువ. ఖాళీ కడుపుతో రావద్దంటారు, పడుకోబెట్టే చేస్తారు, తర్వాత అరగంట కూర్చోబెడతారు. పక్కన ట్రేలో, రియాక్షన్ వస్తే వెంటనే ఇచ్చే అడ్రినలిన్ మందు సిద్ధంగా ఉంటుంది. తీవ్రమైన రియాక్షన్ చాలా అరుదంట, అయినా ఒక్క రోజు కూడా ఆ ట్రే లేకుండా సూది పట్టుకోలేదు. భయపడి పంపించేసినవాళ్ళకీ, భయాన్ని ట్రేలో పెట్టుకుని పని చేసినామెకీ అదే తేడా.

గుర్తు పెట్టుకోవడానికి తేదీలొద్దన్నారు. "21 రోజులంటే మూడు వారాలు. గురువారం మొదలుపెడితే ఎప్పుడూ గురువారమే వస్తుంది" అన్నారు. ఆ సంగతి మాకు తట్టనే లేదు! అప్పట్నించి మా ఇంట్లో ఆమె పేరు గురువారం సిస్టర్.

ఆమె దగ్గరికి మేం ఒక్కళ్ళమే వెళ్ళలేదు, పేటంతా వెళ్ళింది. పక్కింటి బాబాయికి మోకాళ్ళ నొప్పులు. రక్తంలో ఏఎస్ఓ అనే పరీక్ష చేస్తే అది ఎక్కువుందని ఎవరో రెండేళ్ళుగా ఇదే పెనిసిలిన్ వేస్తున్నారు. నీదీ నాదీ ఒకటే జబ్బని పాపతో అనేవాడు. సిస్టర్ ఆయన్ని డాక్టరు దగ్గరికి పంపారు. ఎకో బాగుంది, వయసుతో వచ్చిన మోకాళ్ళ అరుగుదల, ఇంజెక్షన్ ఆపేశారు. గొంతులోకి ఆ క్రిమి ఎప్పుడో వచ్చి వెళ్ళిందని చెప్పడమే తప్ప, ఏఎస్ఓ ఒక్కటే ఎక్కువుంటే జబ్బు ఉన్నట్టు కాదట. వేళ్ళు వంకర్లు పోయిన మా అత్తకి రుమటాయిడ్ ఆర్థరైటిస్. పేరు దగ్గర దగ్గరగా ఉన్నా అది వేరే జబ్బు. దాంట్లో గుండెపోటు ముప్పు మామూలు వాళ్ళకన్నా ఎక్కువని, బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూపించుకుంటూ ఉండాలని చెప్పి పంపారు. ఇక మా అమ్మ మోకాళ్ళకి రోజూ డైక్లోఫెనాక్ అనే నొప్పి బిళ్ళ కొనుక్కొచ్చుకుని మింగేది. బీపీ ఉన్న మనిషి అలా అడక్కుండా వేసుకుంటే బీపీ పెరుగుతుంది, గుండెకీ కిడ్నీలకీ చేటని సిస్టర్ ఎంత కేకలేశారో! అమ్మ కొంచెం అలిగింది. కానీ మానింది.

ఇంకో ఇద్దరికి చెప్పాలి. మెడికల్ షాపు అబ్బాయి, ఈ మందు స్టాకు లేని నెలలో ఒంగోలు నుంచి తెప్పించి, రెండు సీసాలు ఎప్పుడూ పాప పేరు రాసి పక్కన పెడుతున్నాడు. మాకు నూలిచ్చి కూలికి నేయించుకునే మాస్టర్ వీవర్‌గారు, తుపానుకి పోయిన పడుగు ఖరీదు కూలిలో కోయలేదు, ఆసుపత్రికి అడ్వాన్సు ఇచ్చి ఇప్పటిదాకా అడగలేదు. కుప్పడం చీర ఒకటి ఆయన కూతురికి నేసి ఇస్తానన్నాను, వద్దంటున్నారు. నేస్తాను.

మొన్న ఫిబ్రవరిలో మళ్ళీ ఎకో తీశారు. లీకు పెరగలేదు, కొంచెం తగ్గిందన్నారు. ఎప్పుడైనా వాల్వు ఆపరేషన్ అవసరమైనా ఎన్టీఆర్ వైద్య సేవ అనే ప్రభుత్వ పథకం కింద ఉంటుందని డాక్టరుగారే చెప్పారు. పాప తొమ్మిదో తరగతి. కబడ్డీకి డాక్టరు ఇంకా సరే అనలేదు, అది మాత్రం అలక.

సిస్టర్‌గారూ, మీరిది చదువుతారని పాప అంటోంది. మొన్న సంక్రాంతికి మీకు అరిసెలు తెస్తే "షుగరుంది, వద్దన్నా" అని గదిలో అందరికీ పంచేశారు. మీకేం ఇవ్వాలో తెలియక ఇది రాశాను.

మగ్గం పక్క గోడ మీద పాప సుద్దతో గళ్ళు గీసింది. బేసి సంఖ్య ఇంజెక్షన్ ఎడమ తుంటికి, సరి సంఖ్యది కుడి తుంటికి. నిన్న రాత్రి 21 కొట్టేసి కింద రాసింది: ఏప్రిల్ 3, గురువారం, 22, కుడివైపు.