వార్షిక నివేదిక 2023–24: వరద తర్వాత పిల్లల కోసం మన కాలనీ సంఘం చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదిక బతుకమ్మ లైట్లతో, డ్రైనేజీ దరఖాస్తులతో మొదలవుతుంది. ఈసారి వాటిని చివర్లో రెండు మాటల్లో చెబుతాను. 2023 జూలై ఆఖరి వారం నుంచి మన పని ఎక్కువగా వరద ఊళ్ల చుట్టే తిరిగింది.

జూలై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. రాష్ట్రంలో ఒక్క రోజులో అంత వాన అంతకుముందెన్నడూ పడలేదు. ఆ తెల్లవారుజామునే భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచేసింది. జనం డాబాలు, చెట్లు ఎక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. హెలికాప్టర్లు, పడవలు వస్తే గానీ బయటపడలేదు. ఏటూరునాగారం మండలం కొండాయిలో జంపన్నవాగు ఎనిమిది మందిని పొట్టనబెట్టుకుంది. ఇక్కడ హనుమకొండలో నయీంనగర్ నాలా పొంగింది. 29న భద్రకాళి చెరువు కట్ట తెగిందని తెలిసినప్పుడు మనమూ టెన్షన్ పడ్డాం. మన వీధి కొంచెం ఎత్తు మీద ఉండబట్టి ఇళ్లల్లోకి నీళ్లు రాలేదు.

మొదటి ట్రిప్పులో మోరంచ వాగు వైపు బియ్యం, పప్పు, నూనె, దుప్పట్లు, పాత బట్టలు తీసుకెళ్లాం. బట్టల విషయంలో తప్పు చేశాం. ఏరకుండా, సైజులు చూడకుండా మూటలు కట్టేశాం. సగం ఎవరికీ పనికిరాక బురదలోనే మిగిలాయి. అక్కడి అక్కలు అడిగినవి వేరు: నీళ్లకు బిందెలు, ఆడపిల్లలకు ప్యాడ్లు, ఇల్లు కడగడానికి బ్లీచింగ్, చీపుర్లు. రెండో ట్రిప్పు నుంచి ముందే ఫోన్ చేసి, ఏం కావాలో అడిగి రాసుకుని వెళ్లాం. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇచ్చిన ప్రతి ఇంట్లోనూ మన సభ్యురాలైన నర్సమ్మ ఒకటే మాట చెప్పారు: ఒక ప్యాకెట్ లీటరు నీళ్లలోనే కలపాలి, కాచి చల్లార్చిన నీళ్లయితే మంచిది.

పది రోజులయ్యేసరికి సాయం తెచ్చే కార్లు రావడం తగ్గిపోయింది. పిల్లల కష్టం అసలు అప్పుడే మొదలైంది. దండెం మీద పట్టా పాసుబుక్కులు, ఆధార్ కార్డులు, పదో తరగతి మెమోలతో పాటు పిల్లల నోటుబుక్కులూ ఆరేశారు. ఆరినా పేజీలు విడలేదు. పాఠ్యపుస్తకాల సంగతి హెడ్‌మాస్టర్ గారు చూసుకున్నారు. నోటుబుక్కులు, బ్యాగులు, జామెట్రీ బాక్సులు, చెప్పులు మనం ఇచ్చాం. పేర్లు చదివి వరుసలో నిలబెట్టలేదు, ఫొటోలు తీయలేదు. టీచర్లే క్లాసులో ఇచ్చారు. ఈ పద్ధతినే కొనసాగించాలని నా కోరిక.

నాలుగో తరగతి పాప ఒకతి మబ్బు పట్టగానే బ్యాగు సర్ది అటక మీద పెట్టేదట. రాత్రి వాన చప్పుడుకు లేచి కూర్చునే పిల్లలు చాలామందే ఉన్నారని తల్లులు చెప్పారు. దీనికి మన దగ్గర మందేమీ లేదు. నెలనెలా ఒక ఆదివారం వెళ్లి పిల్లలతో ఆడించాం, బొమ్మలు వేయించాం. మొదట్లో అందరూ నీళ్లే గీశారు. దసరా దాటాక ఒకడు తన బర్రెదూడను గీశాడు. వాళ్ల బర్లు వరదలోనే పోయాయి. ఆ బొమ్మ మన ఆఫీసు గదిలో ఉంది, వచ్చి చూడండి.

పొలాల్లో ఇసుక మేటలు తీయించడం మన శక్తికి మించిన పని. అందుకని నష్టపరిహారం దరఖాస్తులు రాసిపెట్టడం వరకే చేశాం.

మిగతా పనుల్లో వీధి దీపాలు మార్పించాం, బతుకమ్మ ఈసారి తక్కువ ఖర్చుతో చేశాం. జమాఖర్చుల పుస్తకం సర్వసభ్య సమావేశంలో మీ ముందు ఉంచుతాం.

వరద నిధిలో మిగిలిన డబ్బును బ్యాంకులో విడిగా ఉంచాం. బడులు తెరిచే జూన్‌లో అవే పిల్లలకు మళ్లీ నోటుబుక్కులు కొనడానికి సమావేశం అనుమతి కోరుతున్నాం. ట్రాలీ, ఆటో ఉన్న సభ్యులు వానలు మొదలయ్యేలోపు కార్యదర్శి దగ్గర పేరు, ఫోన్ నంబరు రాయించండి.