బాతుకీ టర్కీ కోడికీ ఒకటే తుపాకీ చాలు

సంపాదకుడు గారికి,

ఇక్కడ మిస్సోరీలో కొత్తగా వేటకు దిగే మన కుర్రాళ్ళు ముందు అడిగేది ఖరీదైన సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ (ఒక్కో తూటాతో బోలెడు చిన్న గుళ్ళు చిమ్మే తుపాకీ) గురించే. నా మాట వింటే 12 గేజ్ (గొట్టం లావు కొలత), 3 అంగుళాల చాంబర్ (తూటా కూర్చునే అర), చోక్ (గుళ్ళు ఎంత చెదరాలో నిర్ణయించే, గొట్టం మూతి దగ్గరి బిగింపు) మార్చుకునే వీలున్న పంప్ తుపాకీ (ప్రతి తూటాకూ ముందు పిడిని చేత్తో వెనక్కీ ముందుకీ జరిపేది) కొనుక్కోండి. బాతుల వేటంటే బురద, మంచు, చేతులు కొంకర్లు పోయే చలి. అలాంటి చోట కూడా పంప్ మొరాయించడం అరుదు. రెమింగ్టన్ 870 అనే పంప్ తుపాకీ 1950 నుంచీ నడుస్తోందంటే ఊరికే కాదు.

అసలు జాగ్రత్తంతా చోక్ దగ్గరే. బాతులకు సీసం గుళ్ళు 1991 నుంచి దేశమంతటా నిషేధం, ఎక్కువమంది ఉక్కు గుళ్ళే వాడతారు. వాటికి మాడిఫైడ్ (మధ్యరకం బిగువున్న) చోక్ సరిపోతుంది. టర్కీకి గురి తలా మెడా కాబట్టి బిగువైన చోక్ కావాలి. ఆ టర్కీ చోక్ తీయకుండా ఉక్కు తూటా పేల్చారో, చోక్‌తో పాటు బ్యారెల్ (తుపాకీ గొట్టం) కూడా పాడవ్వొచ్చు. తాతల నాటి తుపాకీ అయితే ఉక్కుకు పనికొస్తుందో లేదో గన్‌స్మిత్‌కు (తుపాకులు బాగుచేసేవాడికి) చూపించాలి.

కొన్నాక 40 గజాల దూరంలో పెద్ద కాగితం కట్టి పేల్చి, గుళ్ళు ఎలా చెదురుతున్నాయో చూడండి. ఒకే తుపాకీలో రెండు బ్రాండ్ల తూటాలు రెండు రకాలుగా చెదురుతాయి. బాతులకు వెళ్ళేటప్పుడు మ్యాగజైన్‌లో (తూటాలు నింపే చోట) ప్లగ్ (ఎక్కువ తూటాలు పట్టకుండా పెట్టే అడ్డు) ఉందో లేదో చూసుకోండి; తుపాకీలో మొత్తం మూడు తూటాలకు మించి పట్టకూడదు.

ఇట్లు,
ఒక పాఠకుడు, మిస్సోరీ