‘ఆపరేషన్ వికటించి’ అని రాసే ముందు

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో ‘ఆపరేషన్ వికటించి వ్యక్తి మృతి’ అని వేశారు. మీరు రాసిన వివరాలే చూడండి: వయసు 58, కడుపునొప్పి మొదలై మూడో రోజు, చిన్నపేగుకు చిల్లు, పొట్టంతా చీము, వచ్చేసరికే షాక్ (బీపీ బాగా పడిపోయిన స్థితి). ఇందులో ఆపరేషన్ ఎక్కడ వికటించింది?

ఇలా పొట్టలో ఇన్ఫెక్షన్ పాకినప్పుడు (పెరిటోనైటిస్) ప్రాణాపాయం ఎంతో లెక్క కట్టే పద్ధతి 1987 నుంచీ ఉంది, మ్యాన్‌హైమ్ పెరిటోనైటిస్ ఇండెక్స్ అని. వయసు 50 దాటితే 5, జబ్బు మొదలై 24 గంటలు దాటితే 4, చిల్లు పెద్దపేగుది కాకపోతే 4, పొట్టంతా పాకితే 6, చీముకి 6 (మలం ఉంటే 12), షాక్ గానీ కిడ్నీ వైఫల్యం గానీ ఉంటే 7. ఈ రోగికి మొత్తం 32. స్కోరు 29 దాటిందంటే ప్రాణాపాయం చాలా ఎక్కువని అర్థం. చీమా, మలమా అన్నది పొట్ట తెరిచాకే తెలుస్తుంది. అందుకే అల్సర్ చిల్లుకి ఆపరేషన్‌కి ముందే బోయ్ స్కోరు అనే ఇంకో లెక్క చూస్తాం: షాక్ ఉందా, వేరే పెద్ద జబ్బుందా, 24 గంటలు దాటాయా. ఒక్కోదానికి ఒక మార్కు.

కాగితం మీద ఇంత తేలికే. పొరపాటంతా కొలతలో జరుగుతుంది. నొప్పి మొదలైన గంట రాయాల్సిన చోట ఓపీ చీటీ మీది టైము ఎక్కిస్తారు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన ఇంజెక్షన్‌తో నొప్పి అణిగి ఉంటుంది కాబట్టి ఇంటివాళ్లు ‘రాత్రి నుంచే’ అంటారు. ‘అన్నం ఏ పూట నుంచి మానేశాడు?’ అని అడిగితే అసలు లెక్క బయటపడుతుంది. మూత్రం గంటకు 20 మిల్లీలీటర్ల కన్నా తగ్గితే కిడ్నీ దెబ్బతిన్నట్టు. ఒక్క సిస్టర్ వార్డంతా చూసుకునే రాత్రి డ్యూటీలో గంటగంటకూ ఆ మూత్రం సంచి ఎవరు కొలుస్తారు? నర్సు పోస్టులు నింపమంటే మాత్రం ఏ అధికారీ పలకడు.

అధికారుల సమీక్షల్లో అడిగేది ఒక్కటే, ఈ నెల ఎంతమంది పోయారని. స్కోరు 12 ఉన్న అపెండిక్స్ రోగినీ 32 ఉన్న ఈ రోగినీ ఒకే గాటన కడితే, ఎవరూ చేర్చుకోని వాళ్లను చేర్చుకునే ఆస్పత్రే చెడ్డదవుతుంది. ఆ భయంతోనే పెద్దాస్పత్రికి రాసిచ్చి పంపేస్తున్నారు. అంబులెన్సులో గడిచే ప్రతి గంటా ఆ రోగికి నష్టమే. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2013 నుంచి పొట్ట తెరిచే అత్యవసర ఆపరేషన్లకు జాతీయ ఆడిట్ నడుస్తోంది. మరణించే అవకాశం నూటికి 5 దాటితే సీనియర్ సర్జన్, సీనియర్ మత్తు డాక్టర్ థియేటర్‌లో ఉండాలి, తర్వాత ఐసీయూ మంచం ఇవ్వాలి. స్కోరు ఉన్నది అందుకు. అది వందమంది గురించి చెప్పే అంచనాయే. 32 వచ్చిందని ఎవరికీ ఆపరేషన్ మానకూడదు.

కేస్ షీట్ మొదటి పేజీలోనే స్కోరుకు ఒక గడి అచ్చు వేయించాలి. థియేటర్‌కి తీసుకెళ్లే ముందే, అప్పటికి తెలిసినంతలో ఆ అంకె ఏమిటో బంధువులకు తెలుగులో చెప్పి సంతకం తీసుకోవాలి. మీ విలేకరి కూడా ఈసారి మూడు సంగతులు కనుక్కోవాలి: నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎన్ని ఆస్పత్రులు తిప్పారు, థియేటర్‌లోకి వెళ్లేటప్పుడు బీపీ ఎంత.

– ఒక జనరల్ సర్జన్, వరంగల్