పాడి రైతుల సంఘం వార్షిక నివేదిక: యాంటీబయాటిక్‌ల వాడకంపై ఈ ఏడాది పని

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారాలు.

పొదుగువాపుకు వేసే సూదులు మునుపటిలా పట్టడం లేదన్న ఫిర్యాదు కిందటి సర్వసభ్య సమావేశంలో వచ్చినందున, చీపురుపల్లి, గరివిడి పరిసర గ్రామాల్లో సంఘం ఈ ఏడాది ప్రధానంగా ఆ విషయంపైనే పనిచేసింది.

ముందుగా పాల సేకరణ కేంద్రాల్లో మందుల పుస్తకాలు పెట్టాం. ఏ పశువుకు ఏ రోగం వచ్చింది, ఏ మందు ఎన్ని రోజులు, ఎవరు వేశారు అన్నవి అందులో రాయాలి. చివరి గడి చాలాచోట్ల ఖాళీగానే ఉందని ఒప్పుకోక తప్పదు. గేదె మేత ముట్టగానే కోర్సు మధ్యలో ఆపేసి, మిగిలిన సీసాను శాల చూరులో దోపి, తర్వాత మరో పశువుకు వాడిన సంగతులు మాత్రం పుస్తకం నింపించేటప్పుడు బయటపడ్డాయి. అరకొర మోతాదుకు చావని సూక్ష్మజీవులే మిగిలి పెరుగుతాయి కాబట్టి మందు పట్టకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. ముద్దచర్మం, గాలికుంటు వైరస్ వ్యాధులు. వాటిపై యాంటీబయాటిక్ పనిచేయదు, పుండ్లకు చీము పట్టినప్పుడే దాని అవసరం.

పశువైద్య కళాశాల ఉన్న గరివిడికి ఇంత దగ్గరలో ఉండి కూడా, పరీక్ష లేకుండా మందు మీద మందు మార్చడం మన తప్పే. పాల నమూనాను మొదటి సూదికి ముందే తీయాలి: చనుమొనను స్పిరిట్ దూదితో తుడిచి, మొదటి ధారలు పారబోసి, శుభ్రమైన సీసాలో పట్టి, ఐసు పెట్టెలో పంపాలి. ప్రయోగశాలలో ఆ పాలలోని సూక్ష్మజీవిని వేరుచేసి, పళ్లెంలో పరిచి, పైన మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లలు పెట్టి, దాదాపు 35 డిగ్రీల వేడిలో 18 గంటలు ఉంచుతారు. పనిచేసే మందు బిళ్ల చుట్టూ తేటగా వలయం ఏర్పడుతుంది. అయితే వలయం పెద్దదైనంత మాత్రాన ఆ మందే మేలని కాదు. ఒక్కో మందుకు కొలత వేరు గనుక పట్టికతో సరిచూసి వైద్యులే చెప్పాలి.

కోళ్లు కూడా పెంచే సభ్యులు గమనించగలరు: మనుషులకు చివరి ఆయుధంగా దాచుకునే కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను ఆహారానికి పెంచే జంతువుల కోసం తయారు చేయడాన్ని, అమ్మడాన్ని, పంపిణీ చేయడాన్ని కేంద్రం 2019 జులైలో నిషేధించింది.

సూది వేశాక లేబుల్‌పై రాసిన గడువు వరకు పాలు కేంద్రానికి పోయకూడదు. గడువు రాసి లేకపోతే నిబంధన ప్రకారం పాలకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు ఆగాలి. ఈ రోజుల నష్టాన్ని సభ్యుడొక్కడే మోస్తున్నాడు. దీనికి సంఘం ఇంకా దారి చూపలేకపోయింది కనుక, ఈ అంశాన్ని రాబోయే సమావేశపు చర్చలో మొదట చేర్చాం.

ఇట్లు,
కార్యదర్శి