టికెట్ చదవకుండానే మూసేసినందుకు ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

అయ్యా,

ద్వారకానగర్‌లో ఉంటూ అరకు, లంబసింగి టూర్లు నడుపుకుంటున్నాను. హుద్‌హుద్‌ తుఫానుకి ముందు నుంచీ మా సైటు మీ సర్వర్ల మీదే ఉంది. 2014 అక్టోబరులో వైజాగ్‌లో కరెంటు, ఫోన్లు లేని రోజుల్లో కూడా మీ రెన్యువల్ ఆపలేదు.

సర్వర్ పడిపోయిందని నాకు కోపం లేదు. అప్పుడు మీ ప్రాక్సీ (వచ్చినవాళ్లని వెనకున్న సర్వర్‌కి కలిపేది) చూపించే తెల్ల పేజీ, దాని మీద ‘502 బ్యాడ్ గేట్‌వే’ (వెనక సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదని) అన్న ఇంగ్లిష్ ముక్క, వాటి బదులు మా తెలుగు పేజీ పెట్టమని టికెట్ వేశాను. ‘డబ్బు కట్ అయితే మళ్లీ కట్టకండి, ఈ నంబరుకి ఫోన్ చేయండి’, అంతే అందులో ఉన్నది. శ్రీకాకుళం నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేసి, “డబ్బులు కట్టయిపోనాయి బాబూ, మీ కంపెనీ ఉందా, ఎత్తేసినారా?” అని అడిగింది. ఆవిడకి నేనేం చెప్పాలి?

చాట్‌లో ఉన్న అబ్బాయి నా బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేసుకోమన్నాడు. ఫోన్‌లో దొరికినాయన హెచ్‌టీయాక్సెస్ అనే సెట్టింగుల ఫైల్లో, ఏ పేజీ చూపించాలో చెప్పే ఎర్రర్ డాక్యుమెంట్ లైను రాసుకోమన్నాడు. ఆ ఫైలు చదివేది వెనకున్న అపాచీ సర్వర్ అండీ, అదే పలకనప్పుడు ఆ పేజీ పంపేది ముందున్న మీ ప్రాక్సీ కదా అన్నాను. హోల్డ్‌లో పెట్టాడు. పాట సగంలో లైను కట్ అయింది. తర్వాత మాట్లాడిన అమ్మాయి మొత్తం మొదటి నుంచి చెప్పించుకుని, “పై టీంకి పంపాను సార్” అంది. పై టీం నుంచి వచ్చింది ‘మీ సమస్య పరిష్కారమైంది’ అన్న మెయిల్, కింద రేటింగ్ ఇవ్వమని అయిదు నక్షత్రాలు. టికెట్ మళ్లీ తెరిస్తే 404 (పేజీ దొరకలేదనే) పేజీ మార్చుకునే పద్ధతి పంపారు. నేనడిగింది 502 గురించి!

టికెట్‌లో అన్నీ విడమరిచి రాశాను. మీ ప్రాక్సీ ఎన్‌జిన్‌ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ అని ఆ తెల్ల పేజీ మీదే ఉంది. 502కి, వెనక సర్వర్ ఆలస్యం చేస్తే వచ్చే 504కి అందులో ‘ఎర్రర్ పేజ్’ లైను చాలు. వెనక సర్వరే ‘ఇప్పుడు కుదరదు’ అని 503 పంపితే, దాన్ని ఆపి మన పేజీ చూపించడానికి ‘ప్రాక్సీ ఇంటర్‌సెప్ట్ ఎర్రర్స్’ కూడా ఆన్ చేయాలి. స్టేటస్ నంబరు మాత్రం మార్చొద్దు, 200 (అంతా బాగుంది) అని వెళ్తే గూగుల్ దాన్నే మా అసలు పేజీ అనుకుంటుంది. ఇందులో ఒక్క ముక్కకైనా జవాబు వచ్చిందా? చదివితే కదా.

ఇదే నా బతుకుతెరువు. ఇంకోసారి చదవకుండా మూసేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 చట్టం ప్రకారం నేనుండే విశాఖలోనే కేసు వేయొచ్చు. సైటు కూడా తీసుకుపోతాను. ఈసారి నా టికెట్ చదివిన మనిషే నాకు ఫోన్ చేయాలి.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
విశాఖపట్నం