కార్మిక శాఖ మంత్రి గారికి పర్లాకిమిడి నుంచి ఒక బహిరంగ లేఖ

ఒడిశా రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి నమస్కారం.

పర్లాకిమిడిలో మాది ఇనప సామాను దుకాణం. సెంట్రింగ్ మేకులు, బైండింగ్ వైరు, గమేళాలు, పారలు అమ్ముతాను. నాన్న తాపీమేస్త్రీ, కాబట్టి సైటు సంగతులు చిన్నప్పటి నుంచీ తెలుసు. హెల్మెట్లు కూడా పెట్టాను. సిమెంటు బస్తా కన్నా తక్కువ ధరకే వస్తాయి. అయినా అవి అమ్ముడయ్యేది పెద్ద సారు సైటుకొస్తున్నారని కబురందిన రోజే. ఆయన వెళ్ళాక మళ్ళీ మేకుకెక్కుతాయి. ఒకచోట హెల్మెట్‌ని తిరగేసి నీళ్ళు పోసి అందులో కుంచె నానబెట్టారు!

పోయిన ఎండాకాలం మా వీధి చివర మూడంతస్తుల ఇంటికి బయట ప్లాస్టరింగ్ జరుగుతోంది. సరుగుడు కర్రల పరంజా, కొబ్బరితాడు కట్లు. రెండో అంతస్తు ఎత్తులో ఒక కర్ర విరిగి, సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నం వైపు నుంచి రోజూ సైకిల్ మీద వచ్చే కుర్రాడు కింద పడ్డాడు. ఇసక మీద పడ్డాడు కాబట్టి ప్రాణం దక్కింది, తుంటి ఎముక విరిగింది. ఫస్ట్ ఎయిడ్ పెట్టె లేదు. తలుపు చెక్క మీద పడుకోబెట్టి ఆటో ఎక్కించాం. తర్వాత ఆ కర్ర చూశాను. లోపలంతా పురుగు తినేసింది, వేలితో తడితే పొడి రాలింది. కుర్రాడు ఎక్కే ముందు ఎవరైనా ఒక్కసారి కాలితో తన్ని చూసినా తెలిసిపోయేది.

అతనికి భవన నిర్మాణ కార్మికుల కార్డు ఉంది, కానీ ఆంధ్రాది. ఇక్కడి ఆఫీసులో 'మీ రాష్ట్రంలో అడుగు' అన్నారు. అక్కడికెళ్తే 'ప్రమాదం ఒడిశాలో కదా' అన్నారు. 1936లో ఒడిశా ఏర్పడ్డాక వచ్చిన సరిహద్దు ఇది. మా పెళ్ళిళ్ళు, సంతలు, కూలిపనులు దాన్ని ఏనాడూ పట్టించుకోలేదు, ఆఫీసులకే పట్టింపు. ఇక్కడ కట్టే భవనం ఖర్చులో ఒక శాతం, కార్మికుల సంక్షేమం కోసం వసూలు చేసే సెస్సుగా, మీ భవన నిర్మాణ కార్మికుల బోర్డుకే రావాలి గదా. ఆ గోడ కట్టినవాడు అటువైపు వాడైనంత మాత్రాన ఆ డబ్బులో అతనికి వాటా లేదా?

ఇంకోటి. భవన నిర్మాణ కార్మికుల 1996 చట్టం పది మందీ ఆపైన పనిచేసే చోటికే వర్తించేది, దాని స్థానంలో వచ్చిన 2020 కార్మిక భద్రత కోడ్‌లోనూ అదే పది. అందుకే మా దగ్గర మస్టర్, అంటే కూలీల హాజరు పుస్తకం, చూస్తే తొమ్మిది పేర్లే ఉంటాయి. స్లాబు వేసే రోజు వచ్చి తలలు లెక్కపెట్టించండి. గమేళాలు అందించే ఆడవాళ్ళే డజను మంది తేలతారు. వాళ్ళ చేతులు కూడా చూడమనండి. సిమెంటు తినేసిన వేళ్ళ సందుల్లో కొబ్బరినూనె రాసుకుని పనిలోకొస్తారు. మరుగుదొడ్డి ఉండదు కాబట్టి, మే నెల ఎండలో కూడా నీళ్ళు తాగడం తగ్గించుకుంటారు.

పెద్ద సైట్లలో జాగ్రత్త బోర్డులైతే ఉన్నాయి, ఒడియాలో, ఇంగ్లీషులో. పైకెక్కేవాళ్ళలో చాలామంది తెలుగు చదువుకున్నవాళ్ళు, సవర మాట్లాడేవాళ్ళు. తెలుగులో రాసి, సవరలో చెప్పించడానికి ఎంత ఖర్చవుతుంది?

రెండు రాష్ట్రాల బోర్డులూ మాట్లాడుకుని, ఏ వైపు కార్డున్నా ఈ జిల్లాలో చెల్లేలా చేయండి. తనిఖీ ముందుగా చెప్పకుండా జరగాలి, అదీ స్లాబు రోజున.

ఆ కుర్రాడు ఇప్పుడు మా దుకాణంలో కూర్చుని మేకులు తూస్తున్నాడు. అతని కాగితాల జిరాక్సు ఒక సెట్టు మీ ఆఫీసుకు విడిగా పోస్టు చేశాను.

ఇట్లు,
ఇనప సామాను వ్యాపారి, పర్లాకిమిడి