పాయింట్ల గొడవలో క్లిప్పుల్ని బలి చేయొద్దు

సంపాదకులకు,

డ్రెస్సాజ్ (గుర్రంతో చేయించే క్రమబద్ధమైన విన్యాసాలు), క్రాస్‌కంట్రీ (ఆరుబయట అడ్డంకుల మీదుగా పరుగు), షోజంపింగ్ (కర్రల మీదుగా దూకడం) మూడూ కలిసిన గుర్రపు పోటీ ఈవెంటింగ్. అందులో క్రాస్‌కంట్రీ అడ్డంకుల భద్రత మాట ఎప్పుడొచ్చినా చర్చంతా, గట్టి దెబ్బకి అడ్డంకి దుంగని వదిలేసే క్లిప్ ఊడితే రౌతుకి పడే 11 పెనాల్టీ పాయింట్ల చుట్టూనే తిరుగుతోంది. టోక్యో ఒలింపిక్స్‌లో డ్రెస్సాజ్‌లో అందరికంటే ముందున్న జర్మనీ రౌతు మైఖేల్ యుంగ్‌కి ఒక అడ్డంకి దగ్గర గుర్రం కాలు తగిలి క్లిప్ ఊడటంతో ఆ 11 పడ్డాయి, మొదటి స్థానం పోయింది. అభిమానులకు కడుపు మండటం సహజమే. కానీ అక్కణ్నుంచి "అసలీ క్లిప్పులే వద్దు" అనేదాకా వెళ్తున్నారు చూడండి, అది మాత్రం నాకు మింగుడుపడదు.

కదలని దుంగకి గుర్రం ముందుకాళ్ల పైభాగం గట్టిగా తగిలితే ముందు భాగం అక్కడే ఆగిపోతుంది, వెనక భాగం మాత్రం అదే వేగంతో పైకి లేచి గుర్రం పల్టీ కొడుతుంది. రౌతు కింద, దాదాపు అర టన్ను బరువు పైన! హెల్మెట్టూ గాలి నిండే వెస్టూ కొంతవరకే కాపాడతాయి. 1999లో ఒక్క బ్రిటన్‌లోనే ఐదుగురు రౌతులు చనిపోయాక గానీ విరిగే పిన్నుల మీద గట్టిగా పని జరగలేదు. పిన్నయినా క్లిప్పయినా చేసేది ఒకటే, దెబ్బ ఒక హద్దు దాటగానే దుంగ కిందికి పడిపోతుంది, పల్టీకి ఆనుకునే ఆధారం ఉండదు.

షోజంపింగ్‌లో కర్ర పడితే 4 పాయింట్లే. క్రాస్‌కంట్రీలో గుర్రం మొదటిసారి మొరాయిస్తే 20. మధ్యలో ఈ 11 ఎక్కువనిపిస్తే తగ్గించండి, వెనక కాలు కాస్త తగిలినందుకు అంత వేయడం నాకూ అన్యాయంగానే ఉంది. అది రూల్ పుస్తకంలో తేల్చుకోవాల్సిన సంగతి, దానికోసం దుంగని మళ్లీ బిగించేస్తారా?

ఇంకోటి, క్లిప్ పెట్టేశాం కదా అని నిర్వాహకులు చేతులు దులుపుకోకూడదు. బల్లలా వెడల్పుగా ఉండే అడ్డంకులకి ముందువైపు వాలుగా ఉండాలి, గుర్రం ఎక్కణ్నుంచి ఎగరాలో తెలిసేలా అడ్డంకి అడుగున నేలమీద గీత స్పష్టంగా కనిపించాలి. ఎండలోంచి సరాసరి చెట్ల నీడలోకి దూకించే చోట కంచె పెట్టడమేంటో! గుర్రానికి ఎరుపుకీ పచ్చకీ తేడా సరిగా తెలియదు, గడ్డిలో ఎర్ర రంగు కంచె మనకి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది గానీ దానికి కాదు. తెల్ల రంగు వేయడానికి పెద్ద ఖర్చేం కాదు.

ప్రతి పోటీ అయ్యాక ఏ అడ్డంకి దగ్గర ఎన్ని క్లిప్పులు ఊడాయో నిర్వాహకులు బయటపెడితే, ఏ కంచెని మార్చాలో అందరికీ తెలుస్తుంది.

– ఒక పాఠకుడు